కొండ మీద హౌసీ, కొండ కింద పేకాట

టికెట్ మీద 27 గళ్లుంటాయి. 15 గళ్లలో అంకెలు, 12 ఖాళీ. అడ్డంగా 3 వరసలు, వరసకి 5 అంకెలు. ఒకతను 1 నుంచి 90 లోపు అంకెల్ని ఒక్కొక్కటే తీసి చదువుతుంటాడు, మన టికెట్లో ఉన్నవి మనం కొట్టేసుకుంటాం. అంతే ఆట. టికెట్ కొన్న క్షణం నుంచి ఆట అయిపోయేదాకా ఆడేవాడు తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. చెవులు పనిచేస్తే చాలు.

క్లబ్బుల్లో దీన్ని తంబోలా అంటారు, మన అపార్ట్‌మెంట్లలో హౌసీ అంటారు, క్రూజ్ ఓడల్లో బింగో అంటారు (అమెరికా పద్ధతి ఓడ అయితే అంకెలు 75, చీటీలో గళ్లు 25). పేరు ఏదైనా, డబ్బు కట్టి, అదృష్టం మీద భారం వేసి, గెలిస్తే డబ్బు తీసుకునే ఆట. అంటే జూదం. కానీ ఆ మాట ఎవరూ అనరు. హౌసీ ఆడిందని ఎవరమ్మనీ ఎవరూ జూదరి అనగా నేను వినలేదు. ఈ మినహాయింపు ఎక్కడ నుంచి వచ్చిందో వెతుకుతూ పోతే సమాధానం చాలావరకు ఓడల్లో దొరికింది.

పుట్టుక సంగతి త్వరగా చెప్పేస్తాను. 1530లో ఇటలీలో మొదలైన లాటరీ దీనికి ముత్తాత. 1734లో నేపుల్స్ రాజు లాటరీని చట్టబద్ధం చేసి ఖజానా నింపుకోవాలనుకుంటే, గ్రెగోరియో రోకో అనే సన్యాసి అడ్డుపడ్డాడట. చివరికి క్రిస్మస్ వారం మాత్రం లాటరీ ఆపేట్టు రాజీ కుదిరిందట. జనం ఊరుకుంటారా? ఆ వారం ఇళ్లలో సొంతంగా అంకెలు తీసుకుని ఆడుకున్నారు, అదే తంబోలా అయింది అని చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమన్నది పక్కన పెడితే, రాజు ఆడిస్తే పాపం, ఇంట్లో ఆడితే పండగ అనే తేడా అందులో అప్పుడే ఉంది. బింగో అనే పేరు చాలా తర్వాతది. 1929లో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి అమెరికాలో ఒక తిరనాళ్లలో జనం బీన్స్ గింజలతో ఆడుతున్న ఆటని చూసి, పెట్టెలో పెట్టి అమ్మాడు.

మనకి వచ్చింది అమెరికా దారిలో కాదు. బ్రిటిష్ నౌకాదళంలో దీన్ని తంబోలా అనేవాళ్లు, సైన్యంలో హౌస్ అనేవాళ్లు. అందుకే మనకి రెండు పేర్లూ మిగిలాయి. సైన్యంలో జూదం నిషేధం. పాచికలతో ఆడే క్రౌన్ అండ్ యాంకర్ దొరికితే శిక్ష. హౌస్ ఒక్కదానికే అనుమతి. సైనికుల్ని మోసే ఓడ మీద వందల మంది కుర్రాళ్లు, చేతిలో జీతం, చుట్టూ నీళ్లు, చేయడానికి పని లేదు. సూయెజ్ మీదుగా వచ్చినా బొంబాయి చేరడానికి వారాలు పట్టేది. వాళ్లని ఆడొద్దంటే చాటుగా ఆడతారు, ఆడమంటే ఒకడి జీతం ఇంకొకడి జేబులోకి పోయి రాత్రికి కత్తులు లేస్తాయి. ఈ ఇరకాటంలో అధికారులకి నచ్చిన ఆట ఇది. ఎందుకు నచ్చిందంటే నాకు కనబడే కారణం ఒకటే: ఇందులో నైపుణ్యం లేదు. నైపుణ్యం లేని చోట ఘరానా ఆటగాడు ఉండడు. పందెం పెంచడానికి కుదరదు, టికెట్ ధర ముందే తెలుసు, ఆట ఎప్పుడు ముగుస్తుందో దాదాపు తెలుసు. సైన్యం వేసుకున్న ప్రశ్న "ఇది అదృష్టమా, నేర్పా?" అన్నది కాదు. "ఒక్కడు సాయంత్రానికి ఎంత పోగొట్టుకోగలడు?" అన్నది. ఈ తేడా కొంచెం గుర్తు పెట్టుకోండి, కోర్టు దగ్గర పనికొస్తుంది.

ఆ బారకాసుల వాసన ఆటలో ఇంకా పోలేదు. 9 వస్తే డాక్టర్స్ ఆర్డర్స్ అని అరుస్తారు. సైనిక వైద్యులు ఏ రోగానికైనా ఇచ్చే 9వ నంబరు మాత్ర అది, విరేచనాల మాత్ర. 11 అంటే లెగ్స్ ఎలెవన్, 88 అంటే టూ ఫ్యాట్ లేడీస్. కంటోన్మెంట్ల నుంచి జింఖానాలకి, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లకి ఈ పిలుపులు యథాతథంగా నడిచివెళ్లాయి. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల జ్ఞాపకాల్లో రైల్వే కాలనీ అంటే డాన్సూ, హౌసీ తప్పకుండా ఉంటాయి. తెల్లవాళ్లు వెళ్లాక ఆ కుర్చీల్లో మన ఆఫీసర్లు కూర్చున్నారు, వాళ్ల తర్వాత కిట్టీ పార్టీలు.

ఇక హార్స్లీ కొండ. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల్ని మచ్చిక చేసుకుని తిరిగిన మల్లమ్మ అనే పిల్ల కథ అక్కడ ఇప్పటికీ చెబుతారు. 1870 ప్రాంతంలో డబ్ల్యూ.డి. హార్స్లీ అనే కడప కలెక్టర్ ఎండలు తట్టుకోలేక నాలుగు వేల అడుగుల ఎత్తులో ఇల్లు కట్టుకున్నాడు, కొండకి ఆయన పేరు పడింది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది, చిత్తూరు జిల్లా 1911లో గానీ పుట్టలేదు. ఊటీకైతే స్నూకర్ నియమాలు రాసిన క్లబ్బు ఉంది. ఈ కొండకి అలాంటి ఘనత ఏమీ అంటలేదు. కింద మదనపల్లెలో 1919లో టాగూరు జనగణమనకి ఇంగ్లీషు అనువాదం చేసుకున్నాడు, దగ్గర్లోని లోయలో రిషి వ్యాలీ బడి వచ్చింది, పైన మాత్రం యూకలిప్టస్ చెట్లు, చలి, ఖాళీ సమయం. బెంగళూరు ఐటీ కంపెనీలకి ఈ మూడూ చాలు.

నేనూ అలాగే వెళ్లాను, టీమ్ ఔటింగ్‌కి. రాత్రి ఎనిమిదింటికి కొండ మీద చేయడానికి ఏమీ ఉండదు. సిగ్నల్ సరిగ్గా లేదు. యాభై మందిమి ఒక హాల్లో ఉన్నాం, భోజనానికి ఇంకా గంట. ఓడకీ ఆ హాలుకీ తేడా నీళ్లు లేకపోవడమే. హెచ్చార్ అమ్మాయి మైకు తీసుకుంది, 100 రూపాయల టికెట్, జల్దీ ఫైవ్, మూడు లైన్లు, ఫుల్ హౌస్. (88 వచ్చినప్పుడు ఆ పాత పిలుపు పిలవకూడదని కంపెనీ నియమం. ఉత్త 88 అంది. బాగుంది.) గెలవనని తెలిశాక ఫోన్లో లెక్క వేసుకుంటూ కూర్చున్నా. మీ ఒక్క టికెట్ నిండాలంటే సగటున 85వ అంకె దాకా ఆగాలి. అదే యాభై టికెట్లుంటే, ఎవరో ఒకరికి 70వ అంకె దగ్గర హౌసీ పడే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. నూటికి తొంభై ఆటలు 60కీ 77కీ మధ్యే ముగుస్తాయి. అంటే ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు గానీ, అన్నం ఎన్నింటికి వడ్డించాలో వంటాయన నిశ్చింతగా చెప్పొచ్చు. కాలక్షేపానికి ఇంతకంటే నమ్మకమైన యంత్రం నాకు తెలియదు. ఎవరు ఎంత అరిచినా, ఎంత దేవుణ్ణి తలుచుకున్నా, ఆ రాత్రి ఒక్కో టికెట్‌కి పోయేది 100 రూపాయలే.

బయట మా వ్యాన్ డ్రైవర్ చలి కాచుకుంటున్నాడు, పుంగనూరు దగ్గరాయన. "లోపల ఏమాడతా ఉండారు సార్, అంత గలాటా?" అని అడిగాడు. చెప్పాను. "డబ్బులకేనా?" అవునన్నాను. కాసేపు ఆలోచించి, "మా ఊర్లో చింతచెట్టు కింద నలుగురు కూసుంటే జీపొస్తాది సార్" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

జీపు రావడం ఏ జిల్లా పేజీ తిరగేసినా కనబడుతుంది. పేకాట స్థావరంపై దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని బైకులు స్వాధీనం. ఈ వార్తకి చట్టపరంగా ఒక తెలుగు పూర్వకథ ఉంది. 1963 మే 4న సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 నవంబర్ 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు: రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పు ఉన్న ఆట. మూడు ముక్కలాట అలా కాదు, అది ఉత్త అదృష్టం. ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తర్వాత దేశంలో ఎక్కడ రమ్మీ కేసు నడిచినా ఈ సికింద్రాబాద్ క్లబ్బు పేరు వినబడకుండా పోలేదు. 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నేర్పు ఆటల్ని వదిలేసింది.

ఇప్పుడు ఈ తూకంలో హౌసీని పెట్టండి. ఒక్క నిర్ణయం లేని ఆట. నేర్పు సున్నా. ఆ 1974 చట్టమే డబ్బు రూపంలో గానీ మరో రూపంలో గానీ బహుమతి కోసం ఆడే ఆటని గేమింగ్ అంటుంది. కోర్టు తర్కాన్ని నిజాయితీగా నడిపిస్తే చింతచెట్టు కింద రమ్మీ ఆడేవాళ్లు వాదించుకుని బయటపడొచ్చు, కొండ మీద మా యాభై మందికి మాత్రం వాదన లేదు. అయినా ఆ రాత్రి జీపు రాలేదు, వస్తుందని ఎవరం అనుకోలేదు కూడా. ఓడ అధికారుల ప్రశ్న హౌసీని కాపాడింది, కోర్టు ప్రశ్న రమ్మీని కాపాడింది, చింతచెట్టుని ఏదీ కాపాడలేదు. అక్కడ చూసేది ఆటని కాదు, ఆడేవాళ్ల చెప్పుల్ని.

మన సాహిత్యానికి జూదం కొత్త కాదు. ధర్మరాజు ఉన్నాడు, నలుడు ఉన్నాడు, పల్నాటి యుద్ధానికి కోడిపందెం ఉంది, కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట ఉంది. అవన్నీ కథలయ్యాయంటే, ఆడేవాడు ఎక్కడో ఒకచోట ఆగగలిగీ ఆగలేదు కాబట్టి. హౌసీలో ఆ తావు లేదు. అందుకేనేమో హౌసీ మీద గుర్తుండిపోయే తెలుగు కథ నేను చదవలేదు. దానికి మన బంధువు వైకుంఠపాళి. పాము మింగినా నిచ్చెన ఎక్కించినా మన ప్రమేయం ఏమీ ఉండదు, జాగారం రాత్రి నిద్ర రాకుండా ఉంటే చాలు.

కోర్టు ప్రశ్న ఎంత తప్పు ప్రశ్నో రమ్మీ ఫోన్లోకి వచ్చాక తెలిసింది. క్లబ్బులో ముక్కలు కలపాలి, పంచాలి, మనుషులు కావాలి, తెల్లారితే ఇంటికి పోవాలి. యాప్‌లో అవేమీ లేవు. ఆట రెండు మూడు నిమిషాలు, మూడు గంటలకి లేచినా ఎదురుగా ఎవరో ఒకరు సిద్ధం, జేబుకి బదులు బ్యాంకు ఖాతా. నేర్పు ఉందా అంటే ఉంది, 1967లో ఉన్నంతా ఉంది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఇళ్లలో ఆ మాట చెప్పి చూడండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. తమిళనాడు చట్టాన్ని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు, కర్ణాటక చట్టాన్ని 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేశాయి. రెండు చోట్లా మళ్లీ అదే నేర్పు వాదన.

కాబట్టి 2022 వేసవిలో కుప్పంలో ఒక విచిత్రం ఉండేది. ఊళ్లో ఉంటే యాప్ పనిచేయకూడదు. రైలెక్కి ఒక పక్కకి కాసేపు పోతే కర్ణాటక, ఇంకో పక్కకి పోతే తమిళనాడు, రెండు చోట్లా ఆట తయార్. ఇలాంటి సరిహద్దు తనిఖీ కోడ్ నేను వేరే పనికి రాశాను: ఫోన్ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు రాష్ట్రం గీత లోపల పడ్డాయా బయట పడ్డాయా అని చూడటం, అంతే. టవర్ని బట్టి అంచనా వేస్తే కొన్నిసార్లు కిలోమీటర్ల తేడా వస్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఒక మనిషి నేరస్థుడా కాదా అన్నది టవర్ ఏ పక్క ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది.

అదే వేసవిలో, జూన్‌లో, కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వచ్చింది. సెల్ఫీలు, బ్యాండ్ మేళం, ఆహ్వానాలు. ఆ ఓడే పుదుచ్చేరి చేరేసరికి, లోపల కాసినో ఉందన్న అభ్యంతరం లేచి, ఒడ్డుకి అనుమతి దొరకలేదు. ఒకే సముద్రం, ఒకే ఓడ. ఓడల్లో బింగో కూడా పాత బింగో కాదిప్పుడు. చేతికి ఒక టాబ్లెట్ ఇస్తారు, డజన్ల కొద్దీ చీటీలు ఒకేసారి అదే కొట్టేసుకుంటుంది, మనం వినాల్సిన పని కూడా లేదు. సైన్యం నమ్ముకున్న హద్దు, సాయంత్రానికి ఇంతే పోతుంది అన్నది, అక్కడ మెల్లగా చెరిగిపోతోంది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చివరికి నేర్పు, అదృష్టం అనే గీతని ఆన్‌లైన్ వరకు తుడిచేసింది. డబ్బు కట్టి డబ్బు గెలవాలని ఆడేది ఏదైనా ఒకటే. ఆడించేవాడికి శిక్ష, ఆడేవాడికి లేదు. ఆ చివరి ముక్క నాకు నచ్చింది. అయితే ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చదువుతుంటే మా పిన్ని గుర్తొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో చుట్టాలందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి హౌసీ మొదలుపెట్టింది ఆవిడే. వాట్సాప్‌లో టికెట్లు పంపుతుంది, యూపీఐలో టికెట్‌కి 50 రూపాయలు వసూలు చేస్తుంది, అంకెలు పిలుస్తుంది. చట్టం సంగతి ఫోన్ చేసి చెప్పాను. "దీపావళికి నీకు రెండు టికెట్లా, మూడా?" అంది.