లేబుల్ మీద పేరు, బట్ట మీద హునర్

పెద్ద డిజైనర్ పేరు, మామూలు దుకాణం ధర. ఈ రెండూ ఒకే లేబుల్ మీద కనిపించడం ఇప్పుడు మనకు వింత కాదు. ఒక జమానాలో మాత్రం అది బద్‌నామీ తెచ్చే పని.

అమెరికాలో హాల్‌స్టన్ అని ఒక డిజైనర్ ఉండేవాడు. 1961లో కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ఆయన బేగమ్ జాక్వెలీన్ పెట్టుకున్న గుండ్రటి టోపీ హాల్‌స్టన్ చేసిందే. ఆ తర్వాత న్యూయార్క్ రఈసులు ఆయన బట్టల కోసం ఎగబడ్డారు. అలాంటి మనిషి 1983లో జేసీ పెన్నీ అనే మధ్యతరగతి దుకాణాల సంస్థకు చవక బట్టలు డిజైన్ చేశాడు. అమెరికా అవామ్ అంతా తన బట్టలు తొడుక్కోవాలన్నది ఆయన తమన్నా. దాంతో బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ అనే ఖరీదైన దుకాణం ఆయన బట్టలు అమ్మడం మానేసింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. 1973లోనే ఆయన తన కంపెనీతో పాటు తన పేరును కూడా ఒక పెద్ద సంస్థకు అమ్మేసుకున్నాడు. కంపెనీ చేతులు మారింది. 1984లో ఆయన్నే బయటికి పంపేశారు. 1990లో ఇంతెకాల్ అయ్యేదాకా సొంత పేరు మీద హక్కు ఆయనకు తిరిగి రాలేదు.

ఇరవై ఏళ్లకు హవా మారింది. 2004 నవంబరులో స్వీడన్ కంపెనీ హెచ్ అండ్ ఎం, పారిస్‌లోని షనెల్ సంస్థకు డిజైనర్ అయిన కార్ల్ లాగర్‌ఫెల్డ్‌తో చేతులు కలిపింది. చాలా నగరాల్లో గంటల్లోనే సరుకు ఖతం. ఈసారి ఎవరి ఇజ్జతూ పోలేదు. పైగా సరుకు మరీ తక్కువ చేశారని లాగర్‌ఫెల్డే నారాజ్ అయ్యాడు. కానీ తిజారత్ కిటుకు అక్కడే ఉంది. సరుకు తక్కువైతేనే క్యూ పెరుగుతుంది, క్యూ పెరిగితేనే ఖబర్ అవుతుంది. 2015లో బాల్మాన్ పేరుతో హెచ్ అండ్ ఎం బట్టలు తెచ్చినప్పుడు దుకాణాల ముందు తోపులాటలు జరిగాయి. కొన్నవాళ్లలో కొందరు వాటినే ఇంటర్నెట్‌లో ఎన్నో రెట్ల దామ్‌కు అమ్ముకున్నారు.

మన ఇళ్లకు దగ్గరి మిసాల్ ఒకటి ఉంది. అదే 2015లో జపాన్ సంస్థ యునిక్లో, ఇస్లాం స్వీకరించిన బ్రిటిష్ డిజైనర్ హనా తజిమాతో కలిసి హిజాబులు, పొడుగు గౌన్లు, వదులైన చొక్కాలు తయారు చేయించింది. మొదట సింగపూర్, మలేషియా, ఇండోనేషియా లాంటి దేశాల్లో, మరుసటి ఏడాది అమెరికాలో అమ్మింది. ఒక్క రోజు తమాషాగా ముగియకుండా ఆ బట్టలు ఆ తర్వాత కూడా సీజన్ సీజన్‌కూ వచ్చాయి. హయాతో బట్ట కట్టుకునే ఆడపిల్లను పెద్ద దుకాణం గిరాకీగా గుర్తించిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఇక హిందూస్తాన్ సంగతి. 2021 ఆగస్టులో కోల్‌కతా డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ, హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన బట్టలు ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అమ్ముడైపోయాయి. 9,999 రూపాయల చీర కూడా. లక్షలు పెడితే గానీ దొరకని పేరు వేలల్లో దొరికిందని చాలామంది ఖుష్. దస్తకార్ లాంటి హస్తకళల సంస్థలు మాత్రం బహిరంగ ఖత్ రాశాయి. సాంగనేరు అద్దకాన్ని గుర్తుచేసే పూలు ఉన్నాయి, హిందూస్తానీ హునర్ అనే ప్రచారమూ ఉంది, మరి కారీగర్లకు పని ఏదీ అన్నది వాళ్ల సవాల్. ఎందుకంటే ఆ బట్టలు ఫ్యాక్టరీలో అచ్చయినవి. మన డిజైన్‌ను దునియా ముందు పెట్టడమే తన మక్సద్ అని, తన ఖరీదైన బట్టలతో కారీగర్లకు పని ఇస్తూనే ఉన్నానని సబ్యసాచి జవాబిచ్చాడు.

ఇద్దరి మాటలోనూ దమ్ముంది. కానీ ఈ ఝగడా కొత్తది కాదు, మన తెలుగు తీరమే దీనికి గవా. పదిహేడో సదీలో గోల్కొండ సల్తనత్‌కు రేవు మచిలీపట్నం. దాని ఇంకో పేరు బందరు, ఫారసీలో రేవు అనే అర్థం. కలంకారీ అన్న మాట కూడా ఫారసీదే. ఈ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలకు యూరప్ ఎంత దీవానా అయ్యిందంటే, అక్కడి నేతగాళ్ల రోజీ పోతోందని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లోనూ 1721లోనూ వాటి మీద నిషేధాలు పెట్టాయి. తర్వాత వాళ్ల మిషన్లు ఆ పూలనే నఖల్ చేశాయి. ఆ పూల వెనకున్న రంగ్‌రేజుల్లో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

అప్పుడూ ఇప్పుడూ పూలు దూరం వెళ్లాయి, పేరు చవకైంది. కూలి మాత్రం పూలు అద్దిన చేతుల దాకా రాలేదు.

బందరు పక్కనే ఉన్న పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో అద్దేవాళ్లు ఉన్నారు. స్క్రీన్ ప్రింట్ నకిలీలతో వాళ్లకు రోజూ పోటీయే. ఈద్ ఖరీదుకు వెళ్లినప్పుడు కలంకారీ బట్టను ఒకసారి తిరగేసి చూడండి. చేతి అద్దకంలో రంగు సాధారణంగా వెనక్కీ దిగుతుంది. ఒక అచ్చు ఇంకో అచ్చును తాకేచోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. అది ఐబు కాదు, కారీగర్ దస్తఖత్.