సీసాచీటి చరిత్ర

ఇంగ్లండు, అమెరికా దేశములలో తమ యింటనే బీరు తయారు చేసికొనువారు పెక్కుమంది కలరు. వారిలో చాలమంది క్రొత్త సీసాలు కొనక, అంగడి బీరు త్రాగగా మిగిలిన సీసాలనే కడిగి మరల నింపుకొందురు. ఆ పనిలో వారికి కలుగు మొదటి చిక్కు సీసాపై నంటియున్న కాగితపు చీటి. వ్యవహారమున దీనినే లేబిలు అనుచున్నాము. కొన్ని చీటీలు ఒక రాత్రి నీటిలో నానినంతనే తమంతట ఊడి పైకి తేలును. కొన్ని కత్తితో గీకినను వదలవు. ఈ భేదమునకు కారణము వెదకినచో చరిత్రలోనికి పోవలసి వచ్చును. సీసా మరల తన కర్మాగారమునకు తిరిగి వచ్చునని దానిని నింపినవాడు ఆశించెనా, లేదా అనుదానిని బట్టియే చాలవరకు జిగురు ఏర్పడినది. ఈ సంగతిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

సీసాలను నోటితో ఊది చేయు కాలమున గాజు వెలగల వస్తువు. దానిని ఒకమారు వాడి పారవేయుట ఎవరికిని తోచలేదు. అందుచే సీసా యజమాని తన పేరును అచ్చులోనే చెక్కించి, గాజుమీద ఉబ్బెత్తు అక్షరములుగా పోయించుకొనెడివాడు. ఈ పద్ధతికి మనమందరము ఎరిగిన ఉదాహరణము గోళీసోడా సీసా. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన ఈ సీసాకు కాగితముతో పనిలేదు. పేరు గాజులోనే యుండును. అది నానదు, చిరుగదు. సీసా పగిలిన నాడే పేరును పోవును. కాని ఉబ్బెత్తు అక్షరములకు ఒక లోపము కలదు. అవి సీసా ఎవరిదో చెప్పునేకాని, లోపల ఏమున్నదో మార్చి చెప్పజాలవు.

ఆ లోపమును తీర్చినది కాగితపు చీటి. ఒకే రూపము గల సీసాలో నేడొక బీరు, రేపొక బీరు పోయవచ్చును. చీటి మార్చిన చాలును. ఇంగ్లండులో వ్యాపారచిహ్నముల నమోదు చట్టము 1875లో వచ్చినది. దాని ననుసరించి 1876 జనవరి 1వ తేదీన మొట్టమొదట నమోదైన చిహ్నము బాస్ బీరు కర్మాగారము వారి ఎఱ్ఱ త్రిభుజము. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్వార్డ్ మానే 1882లో ప్రదర్శించిన ఫోలీ బెర్జేర్ మద్యశాల చిత్రమున ఈ త్రిభుజము గల సీసాలు నేటికిని స్పష్టముగా కనబడును. ఆ దినములలో బాస్, గిన్నెస్ వంటి సంస్థలు బీరును పీపాలలో పంపగా, వేరువేరు ఊళ్ల వర్తకులు దానిని సీసాలకెత్తి అమ్మెడివారు. చీటీలను మాత్రము కర్మాగారము వారే ఇచ్చెడివారు. గిన్నెస్ వారు పంపిన బీరు పరిమాణమునకు తగినన్ని చీటీలనే లెక్కించి యిచ్చుట వాడుక. చీటి కేవలము అలంకారము కాదనియు, సరకునకు హామీపత్రమనియు దీనివలన తెలియుచున్నది. పాత చీటి చెక్కుచెదరకుండ నున్న ఖాళీ సీసా మోసగాని చేత పడినచో హామీ అబద్ధమగును. కావున చీటి సీసాను విడిచి పోవుటయు వ్యాపారమున అవసరమే యయ్యెను.

ఇందువలన జిగురునకు పరస్పర విరుద్ధములగు రెండు గుణములు కావలసివచ్చెను. మంచునీటిలో మునిగియున్నంతసేపు అది పట్టు విడువరాదు. కర్మాగారమున కడుగునపుడు వెంటనే విడువవలెను. పిండితో చేసిన జిగురు చవుక, కాని చన్నీటిలో చాలసేపు నానిన మెత్తబడును. పాలలోని కేసీన్ అను మాంసకృత్తుతో చేసిన జిగురు చన్నీటికి బాగుగా ఓర్చుకొనును. క్షారము తగిలినంతనే కరుగును. కర్మాగారములలో సీసాలను కడుగుటకు వాడునది వేడి కాస్టిక్ సోడా ద్రావకము. అది లోపలి మురికిని, పైని చీటిని ఒక్కసారే తీసివేయును. అనగా ఆ కాలపు జిగురు ఊడిపోవుటకే తయారైనది.

1892లో విలియం పెయింటర్ కనిపెట్టిన రేకుమూత, 1903 ప్రాంతమున మైకేల్ ఓవెన్స్ నిర్మించిన స్వయంచాలక సీసాయంత్రము ఈ పరిస్థితిని క్రమముగా మార్చినవి. సీసాలు ఒకే కొలతతో, తక్కువ ఖర్చుతో, వేలకొలది వెలువడసాగెను. 1934 ప్రాంతమున అమెరికాలో గాజుమీద రంగులను కొలిమివేడిచే కరగించి అంటించు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. ఇట్టి సీసాకు చీటియే లేదు, నానబెట్టిన ప్రయోజనమును లేదు. మరుసటి సంవత్సరము, అనగా 1935లో, స్టాంటన్ ఏవరీ తడి యక్కరలేకయే అంటుకొను చీటీల తయారీని ప్రారంభించెను. ఆ సంవత్సరము మొదలు 1964 వరకు అమెరికాలో విస్కీ మున్నగు మద్యముల సీసాల గాజుమీదనే, వీటిని మరల అమ్ముటగాని వాడుటగాని చట్టము నిషేధించుచున్నదను వాక్యమును పోయవలసియుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఒకమారు వాడి పారవేయు బీరుసీసాలు ఆ దేశమున విస్తరించెను. సీసా తిరిగి రానపుడు చీటి ఊడవలసిన పనియేమి? ఈ విధానము వలన వీథులలో పేరుకొనిన చెత్తను చూచి ఆరెగన్ రాష్ట్రము 1971లో సీసాలపై ధరావతు చట్టమును చేసెను.

ఇంట బీరు చేసికొనువారు ఈ రెండు యుగముల సీసాలను ఒక్క తొట్టిలోనే నానవేయుచున్నారు. ఇంగ్లండులో 1880లో గ్లాడ్‌స్టన్ తెచ్చిన మార్పువలన గృహస్థునకు అవసరమైన లైసెన్సు 1963లో రద్దయ్యెను. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధముండెను. అది తొలగినను ఇంటి బీరునకు కేంద్రచట్టపు అనుమతి 1978లో గాని లభింపలేదు. 1979లో అమలునకు వచ్చెను. వీరి అనుభవము జిగురు చరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యము. పిండిజిగురు గోరువెచ్చని నీటికి లొంగును. కేసీన్ జిగురు చాకలిసోడా కలిపిన నీటిలో రాత్రియంతయు నానిన వదలును. తడి లేక అంటుకొను చీటి నీటిని లెక్కచేయదు. దానిని వేడితో మెత్తబరచి లాగి, మిగిలిన బంకను నూనెతో తుడువవలెను. కొలిమిరంగు వీటిలో దేనికిని లొంగదు.

ఈ కథకు దక్షిణదేశముతో సంబంధము లేకపోలేదు. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాదిలోని అయిదు బీరు కర్మాగారములను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ సంస్థను నెలకొల్పెను. వానిలో పాతది 1857 నాటి క్యాజిల్ బ్రూవరీ. తరువాతి కాలమున ఈ సంస్థకు కేంద్రమైన బెంగుళూరు తెలుగువారు తరతరములుగా నివసించు నగరము. మన దేశమున 650 మిల్లీలీటర్ల బీరుసీసా నేటికిని పాతసామానుల వర్తకుల ద్వారా కర్మాగారమునకు మరలి, కడుగబడి, క్రొత్త చీటితో అంగడికి వచ్చుచున్నది. మద్రాసు హైకోర్టు ఆదేశముల ననుసరించి 2022లో నీలగిరి జిల్లాలో ప్రభుత్వ మద్యశాలలు సీసాకు 10 రూపాయలు అదనముగా తీసికొని, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి యిచ్చు ఏర్పాటును ప్రారంభించినవి. అడవిలో పగిలిన గాజు ఏనుగుల పాదములకు గ్రుచ్చుకొనకుండుటయే దీని ముఖ్యోద్దేశము. లైసెన్సు లేక ఇంట బీరు చేయుట మన రాష్ట్రములలో సామాన్యముగా అబ్కారీ చట్టమునకు విరుద్ధము. కావున ఈ వ్యాసమునుండి మనము గ్రహింపవలసినది బీరును గూర్చి కాదు, చీటిని గూర్చియే.

చీటి ఒక చారిత్రకాధారము. వర్తకుని పేరు, వీథి, వెల, ఏ భాషలవారికి అమ్మదలచెనో ఆ సంగతి అన్నియు అందుండును. తెలుగుదేశమునకు వెలుపల తెలుగువారు చేసిన చిన్న వ్యాపారములకు శాసనములు అరుదు. ఇట్టి కాగితములును వానికి ఆధారములే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనము చిన్న గాజుసీసాలోనే ఇంటింటికి చేరినది. పత్రికలను దాచినవారు కలరు. సీసాలపై చీటీలను దాచినవారు అరుదు. తిరిగివచ్చు సీసాలపై చీటీలు ఊడుటకే పుట్టినవి గనుక, అవి నశించుటయు సహజమే.

కనుక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలోను, యానాములోను ఉన్న మన కుటుంబములవారికి ఒక మనవి. అటకమీది పాత మందుసీసాలను, అత్తరుబుడ్లను అమ్మివేయుటకు ముందు వానిపై తెలుగు అక్షరములున్నవేమో చూడవలెను. ఉన్నచో మొదట సీసాను చీటితో కూడ ఫొటో తీయించి ఉంచుట మేలు. సోడా వాడరాదు, క్షారము కొన్ని రంగులను చెరచును. సిరా కరగుట లేదని ఒక మూల తడిపి చూచి, మంచినీటిలో మాత్రమే నానబెట్టి, వదలిన చీటిని రెండు అద్దుడుకాగితముల నడుమ నుంచి, పైన బరువు పెట్టి ఆరనీయవలెను. వెనుక ఊరి పేరు, ఇంటివారి పేరు, దొరకిన తేదీ పెన్సిలుతో వ్రాయవలెను. మా వంటి అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలోని పిల్లలకు ఇంతకంటె సులభమైన చరిత్రపాఠము లేదు. వారికి తమ ఊరి తెలుగు అక్షరము పుస్తకమున గాక ఒక అంగడివాని సరకుమీద కనబడిన దినమున, ఈ భాష ఇక్కడ నిత్యవ్యవహారమున బ్రదికినదని వేరుగా చెప్పనక్కరలేదు.