గాదె నిండినా పస్తే

1955లో జ్యూరిక్‌లో పిల్లల వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ తన సహచరుడితో కలిసి ఒక వింత జబ్బును వర్ణించాడు. ఆ జబ్బుతో పుట్టిన పసివాళ్లలో, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు బాగా ఉబ్బిపోయి కొలెస్టరాల్‌తో కిక్కిరిసి ఉంటాయి. కొలెస్టరాల్ నుంచి తయారు కావలసిన కార్టిసాల్ మాత్రం ఉండదు. ఒంట్లో ఉప్పు నిలిపే ఆల్డోస్టిరాన్ ఉండదు. మగ హార్మోన్లూ లేనందువల్ల, క్రోమోజోముల లెక్కన మగబిడ్డలైనా ఆడపిల్లల్లాగే కనిపిస్తారు. గాదె నిండా వడ్లు, ఇంటిల్లిపాదీ పస్తు!

అనుమానం ముందు వంటమనిషి మీదికి పోయింది. మైటోకాండ్రియా లోపలి పొర మీద ఒక ఎంజైమ్ ఉంది. కొలెస్టరాల్ తోకను కత్తిరించి ప్రెగ్నెనొలోన్‌గా మార్చేది అదే. స్టిరాయిడ్ హార్మోన్లన్నిటికీ తొలిమెట్టు అక్కడే. ఆ ఎంజైమ్ లోపమే జబ్బని చాలాకాలం నమ్మారు. 1991లో శాన్ ఫ్రాన్సిస్కోలోని వాల్టర్ మిల్లర్ బృందం రోగుల జన్యువులు వెదికి చూస్తే, ఎంజైమ్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంది.

మరి తప్పెవరిది? జవాబుకు దారి 1960ల నాటి ఎలుకల ప్రయోగాల్లోనే ఉంది. అడ్రినల్ గ్రంథి తన హార్మోన్లను నిల్వ చేసుకోదు. ఒత్తిడి వేళ పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ కబురు అందితే, నిమిషాల్లో అప్పటికప్పుడు వండాలి. కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా మందు వేస్తే ఆ వంట ఆగిపోయింది. అంటే కబురు రాగానే పుట్టి, పని ముగించి, కాసేపటికే చెల్లిపోయే ప్రొటీన్ ఏదో ఉండాలి.

ఎక్కడ ఆగిందో కూడా తేలింది. మైటోకాండ్రియా బయటి పొర దాకా కొలెస్టరాల్ వస్తోంది. లోపలి పొరకు చేరడం లేదు. రెండింటి మధ్య ఉన్నది నీటి సందు, కొవ్వు దానంతటది దాటలేదు. నీళ్లలో కాస్త సులువుగా కలిసే మార్పు చేసిన కొలెస్టరాల్‌ను అవే కణాలకు ఇస్తే, అది తనే లోపలికి పోయింది, హార్మోన్ తయారైంది. పొయ్యి మండుతూనే ఉంది. బియ్యమే వంటింటి గడప దాటడం లేదు.

గడప దాటించే ఆ హమాలీ 1994లో దొరికాడు. టెక్సస్‌లోని లబక్‌లో బార్బరా క్లార్క్, డగ్లస్ స్టాకో చుంచెలుక వృషణ కణితి కణాల నుంచి ఆ ప్రొటీన్ జన్యువును పట్టుకుని ‘స్టార్’ అని పేరు పెట్టారు. మరుసటేడే వీళ్లూ మిల్లర్ బృందమూ కలిసి రోగుల్లో ఆ జన్యువును చదివారు. ప్రొటీన్ పూర్తికాకముందే తెగిపోయే మార్పులు అందులో కనిపించాయి.

ఇంకా రెండు ముడులు మిగిలాయి. గర్భం నిలవడానికి ప్రొజెస్టిరాన్ కావాలి కదా, ఈ బిడ్డలు నెలలు నిండి ఎలా పుట్టారు? మావికి స్టార్‌తో పని లేదు. అది లేకుండానే ప్రొజెస్టిరాన్ చేసుకుంటుంది.

రెండోది ఇంకా చిత్రం. చికిత్సతో బతికిన ఆడపిల్లల్లో కొందరు వేళకు తమంతట తామే ఈడేరారు. అండాశయానికీ స్టార్ కావాలే! 1996లో మిల్లర్ బృందం ‘రెండు దెబ్బల’ వివరణ ఇచ్చింది. స్టార్ లేకున్నా కాస్త కొలెస్టరాల్ ఎలాగో లోపలికి జారుతుంది. కార్టిసాల్ చాలక పిట్యూటరీ కబురు మీద కబురు పంపుతుంది. ప్రతి కబురుకూ కణం రక్తంలోని ఎల్‌డీఎల్ నుంచి ఇంకా కొలెస్టరాల్ లాక్కుంటుంది. చివరికి ఆ కుప్ప కిందే కణం నలిగి, ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. అండాశయానికి ఈడు వచ్చేదాకా అలాంటి పిలుపు రాదు, కుప్పా పడదు. అందుకే అది నిలిచింది.

జ్యూరిక్‌లో జబ్బుకు గుర్తుగా కనిపించిన ఆ కొవ్వే, గ్రంథికి రెండో దెబ్బ కొట్టింది.