ఇంటి వయసు అడిగేవారేరి?

కోరుట్లలో పాత పెంకుటిల్లు విప్పి స్లాబ్ వేసుకోవాలనుకునే మనిషికి ఈ రోజుల్లో మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగే పని పెద్దగా లేదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లయితే ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు దాటనంతవరకు, సొంత ధ్రువీకరణ మీద అక్కడికక్కడే అనుమతి వస్తుంది. లంచాలకూ జాప్యానికీ విసిగిపోయిన జనానికి ఇది మేలే చేసింది. కాకపోతే ఆ అనుమతి అంతా జాగా కొలతలు, రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ మీదనే నడుస్తుంది. విప్పబోయే ఇల్లు ఎన్నేళ్లది, ఎవరు కట్టారు, దానిలో దాచుకోదగ్గది ఏమన్నా ఉందా అని అడిగే నాథుడు లేడు. జగిత్యాలలోనూ అంతే, సిరిసిల్లలోనూ అంతే.

అడగడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని చార్ల్‌స్టన్ నగరం 1931లోనే తన పాతపేటకు హద్దులు గీసి, ఆ హద్దుల్లో ఇంటి వెలుపలి రూపం మార్చాలంటే ముందుగా స్థానిక బోర్డుకు చూపించాలని కట్టడి చేసింది. ఇల్లు యజమానిదే, ఖర్చూ యజమానిదే. గోడ పడగొట్టే ముందు ఊరితో ఒక మాట అనుకోవాలి, అంతే. మన దేశంలో 1995లో బొంబాయి ఇలాంటి నియమం తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ కూడా దారి పట్టింది. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేరింది. వారసత్వ కట్టడాల పరిరక్షణ కమిటీ ఏర్పడింది. జాబితాలోకి ఎక్కిన భవనానికి మరమ్మతు చేయాలన్నా, అదనంగా ఒక గది వేయాలన్నా, కూల్చాలన్నా ఆ కమిటీ సలహా తీసుకోవాల్సి ఉండేది.

ఆ జాబితాలో దేవిడీలున్నాయి, నవాబుల మహళ్లున్నాయి, అంటే ఒకప్పుడు మనుషులు కాపురాలు చేసిన ఇళ్లే. వాటిని జాబితా ఒక్కటే కాపాడలేకపోయింది. చార్మినార్ దగ్గర నగిషీ చెక్కిన కొయ్య స్తంభాలతో ఉండే మాల్వాలా ప్యాలెస్ జాబితాలో ఉండగానే 2000లో చాలావరకు నేలమట్టమైంది. యజమానులకు ఆంక్షలు వచ్చాయి గానీ ఇంటిని నిలబెట్టుకోవడానికి చేతికి సాయం రాలేదన్నది అక్కడి అసలు కథ. చివరికి 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ 13వ నిబంధననే తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అదీ ఒకప్పటి నవాబు నివాసమే, ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్నది. రాజధానిలో ఒక ఇంటి కోసం కోర్టుకు వెళ్లే మనుషులున్నారు, పత్రికలున్నాయి. మానేరు ఒడ్డున ఉన్న ఇంటికి ఎవరున్నారు?

2017 చట్టంలో రాష్ట్ర స్థాయి సంస్థతోపాటు కలెక్టర్ల ఆధ్వర్యంలో జిల్లా కమిటీలకూ చోటుంది. అంటే జగిత్యాల ఇంటి గురించి జగిత్యాలలోనే మాట్లాడుకునే వీలు కాగితం మీద ఉంది. నా బాధంతా ఆ వీలును వాడుకోవడం లేదనే. చట్టం పేరు ఎత్తగానే మన కళ్లముందు కోటలు, గుళ్లు మెదులుతాయి. జగిత్యాల అనగానే నక్షత్రాకారపు ఖిల్లా, దాని కందకం, 18వ శతాబ్దంలో దాన్ని గీసిన ఫ్రెంచివాళ్లు గుర్తుకొస్తారు. ఖిల్లా నిలవాలి, సందేహం లేదు. దాని చుట్టూ ఉన్న బజార్లలో, ధర్మపురిలో గోదావరి వైపు దిగే సందుల్లో, కోరుట్ల, మెట్‌పల్లి పాతవాడల్లో మామూలు జనం కట్టుకున్న ఇళ్లు మాత్రం ఏ జాబితాలోనూ లేవు.

ఆ ఇళ్లను ఒకసారి లోపలికి వెళ్లి చూడాలి. నడుమ ఆకాశం కనబడే భవంతి, నాలుగు దిక్కులా సాయబాను, చుట్టూ అర్రలు. కప్పు బరువు మోసేది గోడలు కాదు, టేకు మొగురాలు, దూలాలు. గోడ మూరెడు పైనే మందం, మట్టితో పెట్టింది, మీద డంగు సున్నం గచ్చు. గూనపెంక కింద వాసాలు, వాటి మీద దబ్బలు. వేసవిలో బయట నలభై అయిదు డిగ్రీలు కాస్తున్నా లోపల మనిషి కునుకు తీయగలడు. దర్వాజ చట్రం మీద వడ్లాయన చెక్కిన చిలుకలు, తామరలు. కట్టిన వాడల్లోనే ఆ పనివాళ్లూ ఉండేవారు. గచ్చు చేసేవాళ్ల పిల్లలు ఇప్పుడు టైల్స్ వేస్తున్నారు, కొందరు దుబాయిలో షట్టరింగ్ పని చేస్తున్నారు.

ఈ ఇళ్లను ఎక్కువగా చంపుతున్నది కూల్చివేత కాదు, మరమ్మతు. మట్టి గోడ చెమ్మను పీల్చుకుంటుంది, వదులుతుంది. సున్నం కూడా అంతే. ఆ గోడకు సిమెంటు పూస్తే లోపలికెక్కిన చెమ్మ బయటికి రాలేదు. నాలుగైదు వానాకాలాలకు లోపలి మట్టి మెత్తబడుతుంది, సిమెంటు పొర పెచ్చులుగా ఊడుతుంది. ఇల్లు పాతదైందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పెంక తీసి రేకులు వేస్తే కోతుల బెడద తప్పుతుంది, నిజమే, కానీ ఎండాకాలం ఆ ఇంట్లో నిలబడలేరు. భవంతి మీద స్లాబ్ మూస్తే వెలుతురు పోతుంది, గాలి పోతుంది, పట్టపగలు లైటు వేసుకోవాలి. ఇవన్నీ డబ్బు పోసి చేయించుకునే నష్టాలు. పని మొదలుపెట్టే ముందు తెలిసినవాళ్లు ఒకరు వచ్చి, "అయ్యా, ఈ గోడకు సిమెంటు వద్దు, సున్నమే పెట్టించు" అని చెబితే ఖర్చు తగ్గేది, ఇల్లు దక్కేది. స్థానిక పరిశీలన అనే దానికి మొదటి అర్థం నా లెక్కలో ఇదే. కాదనడం తరువాతి సంగతి, ముందు చెప్పడం.

కోరుట్ల చుట్టుపక్కల గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లను చూసి మూతి విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. పదిహేనేళ్లు ఎడారిలో ఒంటరిగా బతికినవాడు తన ఊళ్లో గట్టి ఇల్లు కట్టుకోవాలనుకోవడం న్యాయమైన కోరిక. తల్లి కట్టెల పొగలో వండిన వంటిల్లే ఉండనీ అని అతనికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అతను అడిగేది వేరు: వంటింటికి పొయ్యి గట్టు, లోపలే బాత్రూమ్, పిల్లలకు మరో గది. పాత ఇంటి ముందుభాగం చెక్కుచెదరకుండా, వెనక దొడ్డిలో వీటన్నిటినీ కలుపుకోవచ్చు. అలా గీసి చూపించే మనిషి ఊళ్లో లేకపోవడం వల్లనే అంతా విప్పి నాలుగు పిల్లర్లు లేపుతున్నారు.

సిరిసిల్లది ఇంకో దారి. పద్మశాలీల ఇంట్లో ముందుగదే కార్ఖానా. గుంట మగ్గం కోసం నేలలో తవ్విన గుంట, పోగు తెగకుండా చల్లదనం నిలిపే మట్టి నేల, వెలుతురుకు వీధివైపు కిటికీ. ఆ ఇంటి కొలతలన్నీ మగ్గం చుట్టూ తిరిగాయి. తరువాత మరమగ్గాలు వచ్చాయి. సిరిసిల్ల వాటిని సాంచాలంటుంది. గుంటలు పూడ్చారు, అదురుకు తట్టుకునేలా కాంక్రీటు నేల పోశారు, పక్కన షెడ్డు లేపారు. బి.వై.నగర్ వీధుల్లో నడిస్తే ఇంటికీ సాంచాల షెడ్డుకూ హద్దు ఎక్కడుందో చెప్పడం కష్టం. ఒక కమిటీ వచ్చి, షెడ్డు పాత ఇంటి అందం చెడగొట్టింది కాబట్టి తీసేయాలి అంటే నేను ఆ కమిటీకి ఎదురు నిలబడతాను. ఆ షెడ్డే సిరిసిల్ల చరిత్ర. అప్పుల్లో కూలిన కుటుంబాలనూ, 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లతో మళ్లీ తిరిగిన సాంచాలనూ చూసిన గోడలవి. గుంట మగ్గం ఇల్లు ఒక్కటైనా గుంటతో సహా మిగిలిందా, ఉంటే ఏ వీధిలో ఉంది, దాన్ని పూడ్చకముందే కొలిచి, ఫోటో తీసి పెట్టగలమా? ఇది అడగడానికి అమెరికా నిబంధన పనికిరాదు, ఆ వీధిలో నేసిన మనిషే కావాలి.

దొరలు కోటల్లా కట్టించుకున్న గడీల సంగతి అన్నిటికంటే బరువైనది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు దొరల పెత్తనం మీద కదంతొక్కారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటాం. అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఒక్కొక్కరే కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తరలిపోయారు. ఖాళీ అయిన గడీల్లో కొన్నింట పోలీసు క్యాంపులు పెట్టారు, కొన్ని బడులయ్యాయి, చాలావాటి దూలాలను ఊళ్లవాళ్లు విప్పుకుపోయారు, మిగిలినవాటిలో మర్రిచెట్లు మొలిచాయి. ఇప్పుడు వాటి గురించి రెండు గొంతులు వినబడతాయి. రాళ్లు మోసి కట్టింది వెట్టివాళ్లు, ఆ గుర్తు ఎందుకు, కూలనీ అంటుంది ఒకటి. రంగులేసి రిసార్టు చేద్దాం, పెళ్లిళ్లకు ఇద్దాం అంటుంది రెండోది.

రెండూ నాకు సమ్మతం కావు. గడీ కూలిపోతే వెట్టి జరిగిందనడానికి కంటికి కనబడే సాక్ష్యం పోతుంది. ధాన్యం కొలిచిన కొట్టు, కూలీలు చేతులు కట్టుకుని నిలబడిన హద్దు, ఆడవాళ్లు దాటి రాకూడని గడప, ఇవి ఆ గోడల్లోనే ఉన్నాయి. రిసార్టు చేసేటప్పుడు మొదట పోయేవీ అవే. ధాన్యపుకొట్టు రిసెప్షన్ అవుతుంది, దొర కూర్చున్న మేడకు రాజమందిరం అని బోర్డు పడుతుంది. గోడ పడగొట్టడం ఎంత పెద్ద మార్పో ఇదీ అంతే పెద్ద మార్పు. కనుక గడీ మీద ఏ పని జరగాలన్నా ఆ ఊరి వెట్టి కుటుంబాల మనవలు కూర్చుని మాట్లాడే చోట ముందు చర్చకు రావాలి. ఆర్కిటెక్టు, పురావస్తు అధికారి, వారసులు ఉండాల్సిందే. వాళ్లు ముగ్గురే ఉంటే మాత్రం సగం చరిత్రే మిగులుతుంది.

చేయగలమని చూపినవాళ్లు పక్క జిల్లాలోనే ఉన్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను కామినేని వారసులు సొంతంగా, సంరక్షణ వాస్తుశిల్పి అనురాధ నాయక్ చేతిమీదుగా బాగుచేయించారు. 2022లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో మెరిట్ పురస్కారం వచ్చింది. డబ్బున్న వంశం కాబట్టి కుదిరింది అనడం నిజమే. అందరికీ ఆ స్తోమత ఉండదు. అహ్మదాబాద్‌లో పాత పోల్ ఇళ్ల యజమానులు, పైన కట్టుకోగల అంతస్తుల హక్కును వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకుని ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకునే ఏర్పాటు ఉంది. మన చిన్న పట్టణాల్లో అంత మార్కెట్ లేదు. కనీసం ఇంటిపన్నులో మినహాయింపు ఇవ్వొచ్చు. సున్నం పని తెలిసిన మేస్త్రీ కూలి కొంత భరించవచ్చు. ఆంక్ష పెట్టి సాయం చేయకపోతే హైదరాబాద్‌లో ఏమైందో చూశాం.

మిడ్ మానేరు కింద కొదురుపాక, అనుపురం, రుద్రవరం లాంటి ఊళ్లు మునిగినప్పుడు ప్రతి ఇంటికీ కొలతలు తీశారు, నష్టపరిహారం కోసం. గోడ పొడవు, కప్పు రకం, దర్వాజల సంఖ్య, అన్నీ అధికారుల రికార్డుల్లోకెక్కాయి. ధర కట్టడానికి తీసిన లెక్క అది. అదే రోజుల్లో ఆ ఇళ్ల చరిత్రను కూడా ఒక పక్కన రాసి ఉంటే, నీటికింద పోయిన ఊళ్లకు ఇవాళ ఒక పుస్తకం ఉండేది.

మరో అవకాశం ఏటా వస్తూనే ఉంది. వానాకాలం ముందు మునిసిపల్ సిబ్బంది వీధివీధి తిరిగి శిథిల ఇళ్లను గుర్తించి నోటీసులు ఇస్తారు. ప్రాణాలకు సంబంధించిన పని, జరగాల్సిందే. అదే సర్వేలో ఇంటి వయసు, కప్పు రకం, మరమ్మతుకు నిలుస్తుందా లేదా అన్న మూడు వివరాలు కలిపి రాయించుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉద్యోగమూ అక్కర్లేదు. వెంట ఒక పాత మేస్త్రీని, ఒక వడ్లాయనను తీసుకెళ్తే చాలు. నిలిచే ఇంటికి కూల్చివేత నోటీసు బదులు మరమ్మతు సలహా అందుతుంది. జిల్లా కమిటీ ముందు పెట్టే మొదటి జాబితా ఆ సర్వే కాగితాల్లోంచే తయారవుతుంది.