మెయిలింగ్ లిస్టా, వెబ్ ఫోరమా? అభిరుచి బృందాల చర్చలు ఎక్కడ నిలుస్తాయి

జియా సరాయ్ (న్యూఢిల్లీ): ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉన్న జియా సరాయ్‌లో గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు అద్దె గదుల్లో ఉంటారు. వీరిలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉన్నారు. పరీక్ష ముగిశాక గది ఖాళీ చేసి ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. పక్షులను గమనించడం, చదరంగం, పద్యరచన, ఏ అభిరుచితో ఇటువంటి చోట బృందం ఏర్పడినా సభ్యులు చెదిరిపోవడం ఖాయం. అప్పటివరకు వారు కూడబెట్టుకున్న సమాచారం ఏమవుతుందన్నది చర్చకు ఎంచుకున్న సాధనాన్ని బట్టి ఉంటుంది. ఈ విషయంలో మెయిలింగ్ లిస్టుకు, వెబ్ ఫోరానికి మధ్య మౌలికమైన భేదం ఉంది.

మెయిలింగ్ లిస్టులో ఒకే చిరునామాకు పంపిన ఉత్తరం సభ్యులందరి మెయిల్ పెట్టెలకూ చేరుతుంది. పంపిణీ పనిని లిస్ట్‌సర్వ్, మెయిల్‌మ్యాన్ వంటి సాఫ్ట్‌వేర్లు చూసుకుంటాయి. ప్రతి ఉత్తరం వద్దనుకునేవారు రోజుకొకసారి సంకలనంగా తెప్పించుకోవచ్చు. అమెరికాలోని అర్పానెట్‌లో 1975లో మొదలైన మెసేజ్ గ్రూప్ తొలి లిస్టుగా పేరొందింది. సైన్స్ ఫిక్షన్ అభిమానుల లిస్టు కూడా ఆ దశకం చివరికే వచ్చేసింది. సాధనం పరిశోధన కోసం పుట్టినా అభిరుచులు అందులోకి చొరబడటానికి ఎంతో కాలం పట్టలేదు.

వెబ్ ఫోరం తీరు వేరు. చర్చ అంతా ఒకే సర్వర్‌లోని డేటాబేస్‌లో ఉంటుంది. పాఠకుడే అక్కడికి వెళ్లి చదవాలి. 2000లో వచ్చిన పీహెచ్‌పీబీబీ ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. విషయాలవారీ విభాగాలు, ఛాయాచిత్రాలు, రాసినదాన్ని తర్వాత దిద్దుకునే వీలు ఇందులోని సౌకర్యాలు. సమీపంలోని సంజయ్ వన్‌లో తీసిన పక్షి చిత్రాన్ని చూపి జాతిని గుర్తించమని అడగాలంటే ఫోరమే మేలు. కొత్తగా చేరినవారు పాత చర్చలను తిరగేసుకోగలరు; అడిగిన ప్రశ్నే మళ్లీ అడగవలసిన పని తగ్గుతుంది.

తెలుగువారి అంతర్జాల చర్చలు మాత్రం ఫోరాలతో మొదలు కాలేదు. దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. అప్పటికే అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో తమ భాష పేరిట వెలసిన చర్చావేదికలో రాస్తున్నారు. తెలుగు లిపి తెరపై కనిపించని ఆ రోజుల్లో రైస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి వారికి ఆధారమైంది. రోమన్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో ‘ట’కు ‘త’కు, ‘ణ’కు ‘న’కు గల భేదాన్ని అది చూపేది. ఆ తరువాత ‘తెలుసా’ లిస్టు, యాహూ గ్రూప్స్‌లో ‘రచ్చబండ’ వచ్చాయి. సాహిత్యం, భాష, ఛందస్సుపై అక్కడ సాగిన వాదోపవాదాల్లో వేతనమో పదవో ఆశించి రాసినవారు లేరు. అది అచ్చమైన అభిరుచి. తెలుగు వికీపీడియాలో సముదాయ చర్చలు జరిగే పుటకు కూడా రచ్చబండ అనే పేరు.

యాహూ గ్రూప్స్ అనుభవం ఈ ఎంపికలోని అసలు చిక్కును బయటపెట్టింది. 2000లో ఈగ్రూప్స్ సంస్థను కొనుగోలు చేసి యాహూ ఈ సేవను విస్తరించింది. అందులో లిస్టూ ఉంది, వెబ్‌లో పాత ఉత్తరాల భాండాగారమూ ఉంది. 2019 అక్టోబరులో, దాచిన సమాచారాన్ని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇచ్చిన గడువును 2020 జనవరి చివరి వరకు పొడిగించింది. 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా మూతపడింది. ఇరవై ఏళ్ల చర్చలకు కొన్ని నెలల గడువు! సభ్యుల మెయిల్ పెట్టెల్లో మిగిలిన ప్రతులే చాలా బృందాలకు దిక్కయ్యాయి. ఫోరం మూతపడితే ఆ దిక్కు కూడా ఉండదు. డొమైన్ రుసుము ఒక ఏడాది కట్టకపోయినా, సర్వర్‌కు నకలు తీసి ఉంచకపోయినా చర్చ మొత్తం పోయే ప్రమాదం ఉంది.

అంతమాత్రాన లిస్టు నిర్దోషి కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాల దుర్వినియోగాన్ని అరికట్టేందుకు డీమార్క్ నిబంధనను కఠినం చేసినప్పుడు, ప్రపంచవ్యాప్తంగా లిస్టుల ద్వారా వెళ్లిన యాహూ సభ్యుల ఉత్తరాలు తిరస్కరణకు గురయ్యాయి. ఏ తప్పూ చేయని ఇతర సభ్యుల పేర్లు కూడా లిస్టుల నుంచి తొలగిపోయాయి. పైగా మెయిల్ పెట్టెలోని ప్రతి ఆ సభ్యుడికే అందుబాటులో ఉంటుంది. రేపు చేరేవాడికి ఉపయోగపడదు. ఆర్‌టీఎస్‌లో రాసిన పాత ఉత్తరాలకు మరో ఇబ్బంది: తెలుగు లిపిలో వెతికితే అవి దొరకవు. యంత్రంతో లిపి మార్చవచ్చు గాని, మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు అక్షరాల్లోకి మారి అర్థం కాకుండా పోతాయి.

నేడు చాలా బృందాలు ఈ రెంటినీ వదిలి వాట్సాప్‌లో చేరాయి. పలకరింపులకు అది చాలు, భాండాగారంగా పనికిరాదు. రెండు పద్ధతులనూ కలపాలనుకునేవారికి 2013లో వచ్చిన డిస్కోర్స్ ఒక మార్గం: చర్చ ఫోరంలో ఉంటుంది, కావాలన్నవారికి ఈమెయిల్‌గానూ అందుతుంది, సరిగా అమర్చుకుంటే మెయిల్ నుంచే జవాబివ్వవచ్చు. పదిమంది ఉన్న బృందానికి సర్వర్ నిర్వహణ బరువే. వారికి లిస్టే సులువు. అయితే పాత ఉత్తరాలను ఎంబాక్స్ ఫైలుగా దించుకునే వీలు ఉందో లేదో చేరేముందే చూసుకోవాలి. ఆ ఫైలును కనీసం ఇద్దరు సభ్యులు, వేర్వేరు ఊళ్లలో, నెలకొకసారి దాచుకోవాలి.