పట్టీ రంపం: ఒక అతుకు కోసం నాలుగు దశాబ్దాల నిరీక్షణ

సామిల్లులో దుంగలను పలకలుగా కోసే బ్యాండ్‌సాను మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు చక్రాల మీదుగా, మొదలూ చివరా లేని పట్టీలా తిరిగే రంపం ఇది. దీని చరిత్రను క్లుప్తంగా తెలుసుకుందాం.

యంత్రాలు రాకముందు దుంగను గుంటపై అమర్చి, ఒకరు పైన, మరొకరు గుంటలో నిలబడి కోసేవారు. రంపం కిందికి దిగినప్పుడే కోత పడేది. పైకి లాగే శ్రమ వృథా. ఆగకుండా ఒకే దిశలో కోసే రంపానికి 19వ శతాబ్ది తొలి దశకంలోనే ఇంగ్లండులో విలియమ్ న్యూబెరీ పేటెంటు పొందారు. కానీ అది వాడుకలోకి రాలేదు. ఎందుకు?

పట్టీ ప్రతి చుట్టులోనూ చక్రాలపై వంగుతుంది, మళ్లీ తిన్నగా సాగుతుంది. ఆ ఒత్తిడికి దాని రెండు కొసలను కలిపిన అతుకు నిలిచేది కాదు. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పోలిన్ క్రెపిన్ అనే మహిళ కొసలను గట్టిగా అతికే పద్ధతికి పేటెంటు పొందారు. ప్యారిస్‌లోని పెరిన్ సంస్థ ఆ హక్కులు కొని, మేలైన ఉక్కుతో యంత్రాన్ని కార్ఖానాలకు చేర్చింది.

సన్నని పట్టీతో కుర్చీ కాళ్ల వంపులు, వెడల్పు పట్టీతో తిన్నని కోతలు సాధ్యమయ్యాయి. రంపం పలుచన కనుక పొట్టు తగ్గింది, కలప మిగిలింది.

ఊహ ఒకరిది, దానిని నిలబెట్టిన అతుకు మరొకరిది. సాంకేతిక చరిత్రలో ఆ రెండో పేరునూ మనం గుర్తుంచుకోవాలి.