అంగడి, ఆలయం, రాజ్యాంగం: శ్రీశైలం తూర్పు వాకిట వివక్ష ప్రశ్న

శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలు చెప్పడం సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటిలో తూర్పు ద్వారమైన త్రిపురాంతకం పశ్చిమ ప్రకాశంలో ఉంది. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో వచ్చే యాత్రికులు మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగి, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కుతారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివే. కనుక శ్రీశైలంతో ఈ సీమకున్న బంధం భక్తిదీ, దారిదీ మాత్రమే కాదు, చాలాకాలం పరిపాలనది కూడా. పూలు, కుంకుమ, గాజులు, పిల్లల బొమ్మలు, టీ, భోజనం, రాత్రి బసకు గది – యాత్ర అంటే వీటి వ్యాపారం కూడా. మత స్వేచ్ఛకూ వ్యాపారంలో సమానత్వానికీ మధ్య తెలుగు నేలపై సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక ప్రధాన వివాదం ఈ దారి చివరనే పుట్టింది.

2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవాదాయ సంస్థల స్థిరాస్తుల లీజు నిబంధనలను 2003 నాటి నియమావళిలో సవరించింది. దాని ప్రకారం ఆలయాలకు చెందిన దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదు. నియమం రాష్ట్రమంతటికీ వర్తించేదే అయినా, దాని ప్రభావం బాగా కనిపించింది శ్రీశైలంలోనే. అక్కడి భ్రమరాంబా మల్లికార్జున స్వామి దేవస్థానం దుకాణాల లీజుదారుల్లో అన్యమతస్థులు కూడా ఉన్నారు. వారు ఆ నియమాన్ని సవాలు చేశారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు వారి పిటిషన్లను కొట్టివేసింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. అయినా వివాదం సద్దుమణగకపోవడంతో వ్యాపారులు మళ్ళీ కోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. 2021 డిసెంబరు 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎ.ఎస్. బోపన్నల ధర్మాసనం, కేవలం మతం కారణంగా ఏ దుకాణదారునీ వేలం నుంచి గానీ లీజు హక్కు నుంచి గానీ మినహాయించరాదని స్పష్టం చేసింది. ఆలయ ప్రాంగణంలో మద్యం, జూదం వద్దనడం వేరు, హిందువు కానివాడు పూలూ బొమ్మలూ అమ్మరాదనడం వేరు అన్న భావం విచారణలో వ్యక్తమైంది.

ఈ తేడాకు రాజ్యాంగంలోనే ఆధారముంది. మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవిలో ఉండేవాడు ఆ మతస్థుడే కావాలని చట్టం నిర్దేశించవచ్చునని 16(5) అధికరణం అంటుంది. కాని అది పదవికి సంబంధించిన మాట. గాజుల దుకాణం పదవి కాదు. మతాచరణతో ముడిపడిన ఆర్థిక, లౌకిక కార్యకలాపాలను ప్రభుత్వం నియంత్రించవచ్చునని 25(2) చెబుతున్నది. అందువల్ల అర్చకత్వాన్నీ అంగడినీ ఒకే కొలతతో కొలవడం కుదరదు. దేవాదాయ శాఖ ప్రభుత్వ విభాగమే కనుక వివక్ష నిషేధం దానికి నేరుగా వర్తిస్తుంది. భక్తుల మనోభావాల రక్షణ అనే వాదాన్ని తేలికగా తీసివేయలేము. అయితే అమ్మేవాడి మతం వల్ల కొనేవాడి పూజకు లోపం కలుగుతుందని నిరూపించే భారం ఆ వాదం చేసేవారిపైనే ఉండాలి.

శ్రీశైలంలో వెలివేతకు గురైనవాడు అమ్మకందారు. చరిత్రలో అంతకన్నా పాతది కొనుగోలుదారు వెలి. కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1938లో వచ్చిన పౌర అశక్తతల తొలగింపు చట్టం హరిజనులను బావులు, దారులు, వాహనాల నుంచి అడ్డుకోవడాన్ని నిషేధించింది. 1947 నాటి ఆలయ ప్రవేశ చట్టం గుడి తలుపు తెరిచింది. అంగడి విషయం రాజ్యాంగ సభలో విస్తృతంగా చర్చకు వచ్చింది. నేటి 15(2) అధికరణంలోని ‘దుకాణం’ అన్న మాటకు అర్థమేమిటని 1948 నవంబరు 29న సభ్యులు ప్రశ్నించారు. చాకలి, మంగలి, వైద్యుడు దీని కిందికి వస్తారా? కోరి వచ్చినవారికి సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న ప్రతి చోటూ దుకాణమేనని, ఆ మాటను వీలైనంత విశాలార్థంలో వాడామని అంబేద్కర్ వివరించారు. లాండ్రీ, క్షౌరశాల, వైద్యుని గది అన్నీ అందులోకి వచ్చాయి. ప్రాథమిక హక్కుల్లో అధిక భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి కాగా, 15(2) పౌరుణ్ణి పౌరుడి నుంచి కాపాడుతుంది.

ఈ అధికరణానికి శిక్షాబలం 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంతో వచ్చింది. అంటరానితనం కారణంగా సరుకు అమ్మననడం, సేవ చేయననడం అందులోని 6వ సెక్షన్ కింద నేరం. 1976 సవరణతో అదే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. చట్టం వచ్చినంత మాత్రాన టీ బంకుల్లో రెండు గ్లాసులు పోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001 నాటికీ ఆ పద్ధతిని నమోదు చేయవలసి వచ్చింది. ఆచారం, శుద్ధి, ఇంటి దేవుడు – నిరాకరించినవాడు చెప్పుకున్న కారణాల్లో మతపరమైనవే ఎక్కువ. అమెరికాలోనూ ఇదే కథ. తన మత విశ్వాసం ఒప్పుకోదంటూ నల్లజాతివారికి భోజనం వడ్డించని దక్షిణ కరొలైనా హోటల్ యజమాని వాదాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1968లో పస లేనిదని తోసిపుచ్చింది.

ఆ దేశంలో అదే ప్రశ్న అరవై ఏళ్ళ లోపే స్వలింగ ప్రేమికుల విషయంలో తిరిగి వచ్చింది. 2018 జూన్‌లో కొలరాడో కేకుల తయారీదారు గెలిచాడు, కాని రాష్ట్ర కమిషన్ అతని మతం పట్ల వైరభావం చూపిందన్న పరిమిత కారణంతో. 2023 జూన్‌లో వెబ్‌సైట్ రూపకర్త గెలిచింది మత స్వేచ్ఛ పేరుతో కాదు, భావప్రకటనా స్వేచ్ఛ పేరుతో. బ్రిటన్‌లో స్వలింగ జంటకు గది ఇవ్వని క్రైస్తవ హోటల్ యజమానులు 2013లో ఓడిపోయారు. 2018లో అక్కడి కోర్టే ఒక బేకరీ పక్షాన నిలిచింది. ఆ బేకరీ నిరాకరించింది మనిషిని కాదు, కేకు మీది నినాదాన్ని అన్నది కారణం. గది వేరు, నినాదం వేరు అన్న ఈ భేదం ఉపయోగకరమైనదే.

భారతదేశంలో స్థితి భిన్నం. 25వ అధికరణం ప్రసాదించే మత స్వేచ్ఛ, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలతో పాటు ఆ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి ఉంటుంది. ఆ ‘ఇతర నిబంధన’ల్లో 15(2) ఒకటి. అంటే అంగడి గడప వద్ద రెండు హక్కులు తలపడితే ఏది ముందో రాజ్యాంగ నిర్మాతలు ముందే వరుస పెట్టారు. ఇక మిగిలినది 15(2)లోని ‘లింగం’ అన్న మాటలో లైంగిక ధోరణి ఇమిడి ఉందా అన్నది. 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్ కేసులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఇందు మల్హోత్రా తమ తీర్పుల్లో 15వ అధికరణాన్ని ఆ దిశగానే చదివారు.

శ్రీశైలం దుకాణాల ఉత్తర్వు వెలువడిన ఆ 2021 డిసెంబరులోనే హైదరాబాదుకు చెందిన ఇద్దరు పురుషులు బంధుమిత్రుల మధ్య పెళ్ళివేడుక జరుపుకున్నారు. ఆ జంటే తర్వాత వివాహ హక్కు కోరుతూ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2023 అక్టోబరు 17న ఆ హక్కును కోర్టు గుర్తించలేదు. అయితే వివాహం వేరు, సేవ వేరు. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి అడ్డు లేదని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. పెళ్ళి చెల్లనప్పటికీ ఖాతా చెల్లుతుంది.

యాత్రాదారుల్లోని సత్రాలనూ లాడ్జీలనూ ఈ వెలుగులో చూస్తే ఒక విచిత్రం తోస్తుంది. ఇద్దరు మగవాళ్ళు కలిసి గది అడిగితే ఎవరూ ఏమీ అనరు. పెళ్ళికాని స్త్రీపురుషులకే ప్రశ్నలు ఎదురవుతాయి. స్వలింగ ప్రేమికుడికి ఆ చోటు దక్కేది తానెవరో చెప్పనంతసేపే. కాబట్టి ఇక్కడి వివక్ష గుమ్మం మీద బోర్డు రూపంలో కనిపించదు. దానిని ఫిర్యాదుగా మార్చడం అందుకే కష్టం.

చట్టం ఇచ్చే సాయమూ అంతంతే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సలో లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష చూపరాదంటుంది, కాని అది ఆస్పత్రికే పరిమితం. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం సరుకులూ సేవలూ బసా నిరాకరించడాన్ని నిషేధించింది, అయితే అది వేరొక వర్గానికి ఉద్దేశించినది. ఈ లోటు ఎంతటిదో 1955 చట్టంతో పోల్చినప్పుడే తెలుస్తుంది. బాధితుడు షెడ్యూల్డు కులానికి చెందినవాడైతే, నిరాకరణకు అంటరానితనమే కారణమని ఆ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవలసినది దుకాణదారు. స్వలింగ ప్రేమికుడు గది దొరకక వెనుదిరిగినప్పుడు, కారణమేమిటో నిరూపించవలసినవాడు అతడే.